టెన్షన్ కడుపులోకి ఎలా దిగుతుంది?

మీ ఇంట్లో ఎవరికైనా నెలల తరబడి గ్యాస్, గుండె దడ, తల దిమ్ము ఉన్నాయా? ఇసిజి తీయించారు, ఎండోస్కోపీ చేయించారు, రక్తపరీక్షలూ అయ్యాయి. అన్నీ నార్మల్ అన్నారు. మందులు మారుతున్నాయి గాని బాధ మాత్రం పోవడం లేదు. అలాంటప్పుడు ఒక్క ప్రశ్న అడిగి చూడండి. ఈ గ్యాస్ మొదలైన రోజుల్లో ఇంట్లో ఏం జరిగింది? కూతురి పెళ్ళికి అప్పు చేశారా? గల్ఫ్ నుంచి డబ్బు రావడం ఆగిపోయిందా? దుకాణం మూతపడిందా? అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నారా? చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

సొంత రాష్ట్రానికి దూరంగా స్థిరపడిన మన కుటుంబాల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. షోలాపూర్‌లో ఉండేవారు డాక్టరుతో మరాఠీలో మాట్లాడాలి, బరంపురంలో అయితే ఒడియాలో. కడుపునొప్పిని ఏ భాషలోనైనా చేయి పెట్టి చూపించవచ్చు. 'మనసు బాగాలేదు' అన్నదాన్ని ఎక్కడ చేయి పెట్టి చూపిస్తాం? అందుకే ఇంట్లో 'గాబరాగా ఉంది' అనే మనిషి డాక్టరు దగ్గరికి వెళ్ళగానే 'గ్యాస్' అంటాడు. డాక్టరు గ్యాస్‌కే మందు రాస్తాడు. ఆయన తప్పేముంది?

యునానీ వైద్యంలో ఆరోగ్యానికి తప్పనిసరి అని చెప్పిన విషయాలు ఆరు. వీటిని 'అస్బాబె సిత్తా జరూరియా' అంటారు. మొదటిది గాలి. రెండోది తిండి, నీరు. మూడోది శరీరానికి కదలిక, విశ్రాంతి. నాలుగోది మనసుకు కదలిక, విశ్రాంతి. అయిదోది నిద్ర, మెలకువ. ఆరోది శరీరంలో ఉండాల్సినవి ఉండడం, పోవాల్సినవి పోవడం. నాలుగోదాన్ని చూడండి. కోపం, భయం, దుఃఖం, సంతోషం, ఇవన్నీ అన్నం నీళ్ళతో సమానంగా శరీరాన్ని నడిపిస్తాయని ఆ పాత హకీములు లెక్కగట్టారు. మనం తిండికి పథ్యం పాటిస్తాం. మనసుకూ పథ్యం ఉందని ఎవరికి గుర్తుంటుంది?

ఇబ్న్ సీనా (980-1037) తన 'అల్ ఖానూన్'లో దీన్ని వివరించిన తీరు ముచ్చటగా ఉంటుంది. కోపం వస్తే ఒంట్లోని వేడి ఒక్కసారిగా బయటికి తన్నుకొస్తుంది, ముఖం ఎర్రబడుతుంది. భయం వేస్తే ఒక్కసారిగా లోపలికి పోతుంది, ముఖం పాలిపోతుంది, చేతులు చల్లబడతాయి. సంతోషంలో మెల్లగా బయటికి వస్తుంది. దుఃఖంలో మెల్లమెల్లగా లోపలికి కుంగిపోతుంది. నేటి వైద్యులు ఈ 'వేడి' అనే మాటను ఒప్పుకోరు. అయితే భయపడినప్పుడు చర్మంలోని రక్తనాళాలు బిగుసుకొని రక్తం కండరాలకూ గుండెకూ మళ్ళుతుందని వాళ్ళూ చెబుతారు. చూసింది ఒకటే, చెప్పిన మాటలు వేరు.

ఇక నేటి వైద్యం చెప్పేది వినండి. ప్రమాదం ఎదురైనప్పుడు మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే రసాలను వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, బి.పి. పెరుగుతుంది, కాలేయం రక్తంలోకి చక్కెర వదులుతుంది, జీర్ణం మందగిస్తుంది. కుక్క తరిమితే పరుగెత్తడానికి ఇదంతా కావాల్సిందే. ప్రమాదం దాటాక మెల్లగా అంతా సర్దుకుంటుంది. కాని అప్పులవాడి ఫోను రోజూ వస్తుంది. రాత్రి పడుకున్నాక కూడా అదే ఆలోచన. అప్పుడు కాసేపటి కోసం ఉన్న ఈ ఏర్పాటు నెలల తరబడి నడుస్తూనే ఉంటుంది. షుగర్ ఉన్నవారికి మందు వేసుకుంటున్నా షుగర్ పెరగడం, స్త్రీలకు నెలసరి తప్పడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం, మెడ, తల పట్టేయడం ఇలాగే మొదలవుతాయి.

మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఎలుకలను రకరకాల బాధలకు గురిచేసి 1936లో ఫలితాలు ప్రకటించాడు. బాధ ఏదైనా వాటిలో అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, కడుపులో పుండ్లు పడ్డాయి. అలాగని ప్రతి అల్సర్‌నూ టెన్షన్ ఖాతాలో వేయకండి. మనుషుల్లో చాలా అల్సర్లకు హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా కారణం, దానికి యాంటీబయాటిక్ కోర్సు ఉంది.

పరీక్షల్లో ఏమీ దొరకని కడుపుబాధ సంగతి వేరు. దానికి యునానీలో పేరు కూడా ఉంది: 'మాలిఖూలియా మరాఖీ'. దీర్ఘకాలం చింతలో ఉన్నవారిలో సౌదా అనే దోషం పెరిగి, కడుపు ఉబ్బరం, పుల్లని త్రేన్పులు, గుండె దడ, వాటితో పాటే అకారణ భయం, దిగులు కలిసి వస్తాయని హకీములు రాశారు. సౌదాను ల్యాబులో కొలవలేం, నిజమే. కాని కడుపు, మనసు కలిసి చెడతాయన్న గమనిక గట్టిది. పేగుల గోడల్లో నరాల వల ఒకటుంది. మెదడుకూ దానికీ రెండువైపులా కబుర్లు నడుస్తుంటాయి. పరీక్ష ముందు పిల్లలు బాత్రూముకు పరుగెత్తేది అందుకే.

ఈ నష్టం కడుపుతో ఆగదు. మన దేశంతో సహా 52 దేశాల్లో మొదటిసారి గుండెపోటు వచ్చిన దాదాపు 15 వేలమందిని పరిశీలించి 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో తేలిన తొమ్మిది ముఖ్య కారణాల్లో పొగతాగడం, షుగర్, బి.పి.లతో పాటు మానసిక ఒత్తిడి కూడా ఉంది. 1995లో అమెరికాలో ఇంకో పరీక్ష జరిగింది. మతిమరుపు జబ్బు ఉన్న బంధువులకు సేవ చేస్తున్న స్త్రీలకూ, ఆ భారం లేని స్త్రీలకూ చేతి మీద ఒకే కొలత చిన్న గాయం చేశారు. సేవ చేస్తున్నవారి గాయం మానడానికి దాదాపు 9 రోజులు ఎక్కువ పట్టింది. మంచాన పడ్డ అత్తకో మామకో ఏళ్ళ తరబడి చేస్తున్న కోడలు ఇంట్లో ఉంటే ఈ సంగతి ఆమె భర్తకు చదివి వినిపించండి. వారానికి ఒక పూట ఆ పని ఇంకెవరైనా చేయాలి. ఆమెకు టానిక్కు కొని తేవడం కన్నా అది మేలు.

ఇంట్లో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. రోజూ అరగంట నడవడం, అదీ దుకాణం లెక్కలు ఫోన్లో మాట్లాడుకుంటూ కాదు. అస్ర్ తర్వాత టీ మానడం. టీలోని కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది. టెన్షన్‌కని గుట్కా, సిగరెట్టు పట్టుకున్నవారు ఒక జబ్బుకు రెండు జబ్బులు కొనుక్కుంటున్నారు. గాబరా పుట్టినప్పుడు నిమిషానికి ఆరు సార్లే వచ్చేలా నిదానంగా ఊపిరి తీసి వదలండి, పది నిమిషాలు. గుండె దడ తగ్గడం మీకే తెలుస్తుంది. నిద్ర పట్టనివారికి రాత్రి తలకు రోగనె కద్దూ, అంటే గుమ్మడి గింజల నూనె, మర్దనా చేయడం హకీముల పాత అలవాటు.

ఇక మందులు. గుండె దడకు ఖమీరా గావ్‌జబాన్ చాలామంది వాడుతుంటారు. ఖమీరాలు చక్కెర పాకంతోనో తేనెతోనో చేసేవి, షుగర్ ఉన్నవారు అడగకుండా తినరాదు. దానికన్నా జాగ్రత్త పడాల్సింది అస్రోల్ విషయంలో. మన సర్పగంధే అది. బి.పి.కీ, పిచ్చికీ హకీములు వాడిన వేరు. ఢిల్లీ తిబ్బియా కాలేజీలో సలీముజ్జమాన్ సిద్దీఖీ 1931లో దాని నుంచి ఒక పదార్థం వేరుచేసి, హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద 'అజ్మలిన్' అని పేరు పెట్టాడు. తర్వాత అదే వేరు నుంచి బి.పి. మందు రిజర్పిన్ వచ్చింది. అది కొందరిలో దిగులును పెంచుతుందని 1950లలోనే డాక్టర్లు రాశారు. కాబట్టి దిగులుగా ఉన్న మనిషికి ఎవరో చెప్పారని అస్రోల్ గోళీలు పెట్టకండి. పేరూ చీటీ లేని కుష్తాలు సంతల్లో కొనకండి. ఖమీరా మొదలుపెట్టామని డాక్టరు ఇచ్చిన బి.పి., షుగర్ మాత్రలు ఆపకండి.

ఛాతీ మీద బరువు పెట్టినట్టు నొప్పి వచ్చి, ఎడమ చేతికో దవడకో పాకి, చెమటలు పడితే అది టెన్షనా గ్యాసా అని ఇంట్లో వాదించుకోవద్దు, 108కి ఫోను చేయండి. రెండు వారాలకు పైగా ఏ పని మీదా మనసు పోకపోయినా, నిద్రా తిండీ తప్పినా మానసిక వైద్యుడికి చూపించాలి. బతకాలని లేదని ఎవరైనా అంటే రెండు వారాలు ఆగకండి, ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఖర్చు లేదు. మీరు మహారాష్ట్రలో ఉన్నా ఒడిశాలో ఉన్నా తెలుగులో మాట్లాడతామని అడగవచ్చు.

యునానీ వైద్యం కావాలనుకునేవారికి బెంగళూరు మాగడి రోడ్డులో జాతీయ యునానీ సంస్థ ఆసుపత్రి ఉంది. చెన్నై, ముంబయి, ఒడిశాలోని భద్రక్‌లలో కేంద్ర యునానీ పరిశోధన కేంద్రాలు ఉన్నాయి. వెళ్ళేటప్పుడు మీరు వాడే ఇంగ్లీషు మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి. గ్యాస్ ఎప్పుడు మొదలైందో చెప్పేటప్పుడు, ఆ నెలలో ఇంట్లో జరిగింది కూడా చెప్పండి.