బస్తా తూకం నుంచి హైకోర్టు దాకా

విశాఖ మన్యం నుంచి తరలే గంజాయితోబాటు లైసెన్సు లేని నాటు తుపాకీ కూడా పట్టుబడితే, నిందితుడికి ఎన్‌డీపీఎస్‌గా పిలిచే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఒక శిక్ష, 1959 నాటి ఆయుధాల చట్టం కింద మరొకటి పడే అవకాశం ఉంటుంది. ఆ రెండూ ఏకకాలంలో అమలవుతాయా, ఒకటి ముగిశాక మరొకటి మొదలవుతుందా అన్నది తీర్పు చివర ఉండే ఒక్క వాక్యం తేలుస్తుంది గనక, అప్పీలు రాసే న్యాయవాది ముందుగా దాన్నే వెతకాలి.

గంజాయి 20 కిలోలు దాటితే దాన్ని వాణిజ్య పరిమాణం అంటారు. దానికి కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్ల కఠిన కారాగారం, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా ఉన్నాయి. సరుకు యజమానికీ, కూలికి బస్తా మోసినవాడికీ ఈ కనీస శిక్ష ఒక్కటే కావడం చట్టంలోని అతి కఠినమైన అంశం. పేదరికం, ఇంటి భారం చెప్పుకున్నా హైకోర్టు పదేళ్లకన్నా కిందికి దిగలేదు కాబట్టి, అప్పీలు శిక్ష మీద కాక నేరనిర్ధారణ మీదే నిలబడాలి.

అందుకు ఆధారం పంచనామా, అంటే సరుకు పట్టుకున్నచోట మధ్యవర్తుల సమక్షంలో రాసే నివేదిక. చట్టం దృష్టిలో గంజాయి అంటే మొక్క పూత, కాయల కొనలు. కాడలు, వేళ్లతో సహా తూచి 22 కిలోలని రాసి ఉంటే, కొనల బరువెంత అన్న ప్రశ్న లేస్తుంది, అది 20 కిలోలు మించలేదని తేలితే పదేళ్ల కనీస శిక్ష తొలగి, పదేళ్లే గరిష్ఠమవుతుంది. ఒంటి మీద సోదా చేసే ముందు, మేజిస్ట్రేటు లేదా గెజిటెడ్ అధికారి ఎదుట సోదా కోరే హక్కు ఉందని నిందితుడికి చెప్పి తీరాలని సుప్రీంకోర్టు 1999లో స్పష్టం చేసింది; చేతిసంచీకి మాత్రం ఆ నియమం వర్తించదు. తుపాకీ విషయంలో కేసు నడపడానికి జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి ఉందో లేదో చూడాలి.

హైకోర్టులో అప్పీలుకు గడువు 60 రోజులు. ఖైదీ జైలు అధికారి ద్వారానే అర్జీ పంపుకోవచ్చు, ఉచిత న్యాయవాదిని కోరవచ్చు. అప్పీలు తేలేదాకా శిక్ష నిలిపే అధికారం కోర్టులకు లేకుండా చేసిన నిబంధనను సుప్రీంకోర్టు 2000లో ఆ మేరకు కొట్టివేసింది. అయినా వాణిజ్య పరిమాణం కేసుల్లో ఖైదీ నిర్దోషి అని నమ్మదగిన కారణాలు కనిపించాలి కాబట్టి, పంచనామాలోని లోపం తుది వాదనకే కాక, శిక్ష నిలపమని కోరే తొలి దరఖాస్తుకూ అక్కరకొస్తుంది.