నిప్పుల కాలంలో వాన కోసం కనిపెట్టుట



ఈ వారం మాకు అందిన ఉత్తరాలలో ఒకటి ప్రకాశం జిల్లా నుండి ఒక తల్లి వ్రాసినది. ఆమె కుమారుడు ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో, అడవి అంచున ఉన్న ఒక చిన్న ఊరిలో, వృద్ధాశ్రమంలో నర్సుగా పని చేస్తున్నాడు. వెళ్లి ఆరు నెలలే అయింది. ఆమె ఇలా వ్రాశారు: "ఫోను చేస్తే, అమ్మా, ఈ రోజు ఇక్కడ ఫైర్ బ్యాన్, గాలి ఎక్కువగా ఉంది, బ్యాగు సర్ది తలుపు దగ్గర పెట్టుకున్నాను అంటాడు. ఒక్క మంచి వాన పడితే చాలమ్మా అంటాడు. నాకు సగం అర్థం కాదు, రాత్రి నిద్ర పట్టదు. వాన కోసం ప్రార్థన చేయాలా, లేక వాడిని ఇంటికి వచ్చేయమని చెప్పాలా?"

అమ్మా, ప్రార్థన చేయండి. కరువు సంవత్సరాలలో ఆ దేశపు పల్లె సంఘాలు కూడా వాన కోసం మోకరించాయి. వచ్చేయమని మాత్రం తొందరపడి చెప్పకండి. ముందు ఆ బ్యాగు సంగతి తెలుసుకోండి. అది తెలిస్తే మీ భయం కొంత తగ్గుతుంది, మీ అబ్బాయిని ఏమి అడగాలో కూడా తెలుస్తుంది.

మన సంఘాలలో "కనిపెట్టుట" అనే మాట తరచుగా వాడుతాం. ఆ మాటకు ఎదురుచూడటం అనే అర్థం ఉంది. పంటను, పసిబిడ్డను కనిపెట్టుకొని ఉండటం, అనగా కావలి కాయటం అనే అర్థమూ ఉంది. ఆస్ట్రేలియా పల్లెలలో వేసవి గడపటమంటే ఈ రెండు పనులూ ఒకేసారి చేయటమే.

అక్కడి కాలాలు మనకు తలక్రిందులు. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి వారికి వేసవి. మనం స్వెట్టర్లు వేసుకొని క్రిస్మస్ ఆరాధనకు వెళ్లే వేళకు వారికి నడి ఎండాకాలం. న్యూ సౌత్ వేల్స్‌లో చట్టప్రకారం అక్టోబరు 1 నుండి మార్చి 31 వరకు కార్చిచ్చుల కాలమే. ఆ ఆరు నెలలు అనుమతి లేకుండా పొలంలో చెత్త కూడా తగులబెట్టకూడదు. ఎండ, గాలి మరీ మితిమీరిన రోజున "టోటల్ ఫైర్ బ్యాన్" ప్రకటిస్తారు. ఆ రోజు ఆరుబయట పొయ్యి వెలిగించకూడదు, వెల్డింగ్ చేయకూడదు, ఇనుము కోసే యంత్రం నడపకూడదు. ఒక్క రవ్వ ఎగిరినా చాలు. మీ అబ్బాయి చెప్పిన ఫైర్ బ్యాన్ ఇదే.

ఒక్క రవ్వకు అంత శక్తి ఎక్కడిది? అమ్మా, మీ జిల్లాలో జామాయిల్ తోటలు చూచే ఉంటారు. ఆ చెట్టు పుట్టిల్లు ఆస్ట్రేలియానే. దాని ఆకు నలిపి వాసన చూడండి, నూనె తెలుస్తుంది. అక్కడ కొండలకు కొండలు ఆ జాతి చెట్లే. కొన్ని రకాలకు బెరడు పొడవాటి పేలికలుగా ఊడి వ్రేలాడుతుంది. నిప్పు అంటుకుంటే ఆ పేలికలు మండుతూనే గాలిలోకి లేచి, మంట కంటె కిలోమీటర్ల ముందుకు వెళ్లి పడతాయి. 2009లో కొన్ని 30 కిలోమీటర్ల దూరంలో కూడా కొత్త మంటలు రేపాయి. చాలా ఇళ్లను కాల్చేది ఎదురుగా వచ్చే మంట కాదు, ఈ నిప్పురవ్వలే. చూరు కాలువలో ఎండుటాకులు, కప్పు పెంకుల మధ్య సందు, గుమ్మం ముందు గోనె పట్టా, ఇవి చాలు వాటికి. అందుకే ఆ పల్లెలలో వేసవికి ముందు ఇంటివారు నిచ్చెన వేసుకొని చూరు కాలువలు ఊడుస్తారు. మనవాళ్లకు అది అతిజాగ్రత్తగా తోచవచ్చు.

ఇంకొక సంగతి. నిప్పు కొండ దిగేటప్పటి కంటె ఎక్కేటప్పుడు వేగంగా పరుగెత్తుతుంది. వాలు పది డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపు అవుతుంది. కొండమీద చల్లని గాలి కోసం కట్టుకున్న అందమైన ఇల్లు ఆ రోజున అన్నిటికంటె ప్రమాదకరమైన చోటు.

2009 ఫిబ్రవరి 7, శనివారం. విక్టోరియా రాష్ట్రంలో ఆ దినాన్ని ఇప్పటికీ బ్లాక్ సాటర్‌డే అంటారు. మెల్‌బోర్న్‌లో ఆ రోజు ఎండ 46.4 డిగ్రీలు. ఉత్తర దిక్కు నుండి వడగాలి వీస్తుండగా, కిల్‌మోర్ ఈస్ట్ అనే చోట తెగిన విద్యుత్ తీగ నుండి మంట పుట్టింది. గాలి దానిని సన్నని పొడుగాటి చీలికలాగా ముందుకు తోసింది. సాయంకాలం గాలి దిక్కు మారి, నైరుతి నుండి చల్లగాలి వచ్చింది. చల్లగాలి వస్తే ఉపశమనం అనుకుంటాం గదా! కానీ అప్పటివరకు ప్రక్కగా ఉన్న ఆ పొడుగాటి అంచంతా ఒక్కసారిగా ముందుభాగమై ఊళ్ల మీదికి తిరిగింది. ఆ ఒక్క మంటలోనే 119 మంది చనిపోయారు. ఆనాటి మంటలన్నిటిలో కలిపి 173 మంది. వారిలో 113 మంది ఇళ్లలోపలే మరణించారు.

ఇది వినటానికి కష్టంగా ఉంది, నాకు తెలుసు. అయినా చెప్పక తప్పదు. అప్పటివరకు అక్కడ ఇచ్చే సలహా, సిద్ధపడి ఉండి ఇల్లు కాపాడుకోండి, లేదా ముందుగానే వెళ్లిపోండి అని. చాలామంది ఈ రెంటికీ మధ్య నిలిచారు. మంట కనబడితే అప్పుడు చూద్దాం అనుకున్నారు. మంట కనబడ్డాక పొగలో దారి కనబడదు, చెట్లు కూలి రోడ్డు మూసుకుపోతుంది. ఆ దినం తరువాత ప్రమాద సూచికకు "కటాస్ట్రాఫిక్" అనే పై మెట్టు చేర్చారు. 2022 సెప్టెంబరు 1 నుండి దేశమంతటా ఒకే పద్ధతి, నాలుగు మెట్లు: మోడరేట్, హై, ఎక్స్‌ట్రీమ్, కటాస్ట్రాఫిక్. ఊరి మొదట్లో రంగుల బోర్డు మీద ముల్లు ఏ మెట్టు మీద ఉందో అందరికీ కనబడుతుంది. ముల్లు కటాస్ట్రాఫిక్ మీద ఉంటే, ఆ ఊరిలో ఇంకా ఎక్కడా పొగ లేకపోయినా, ముందు రాత్రో తెల్లవారుజామునో వెళ్లిపోవాలి. బ్యాగు తలుపు దగ్గర ఉండటం భయపడినవాని గుర్తు కాదమ్మా. మీ అబ్బాయికి ఎవరో మంచి పొరుగువారు నేర్పారు.

ముందుగా వెళ్లినవారికి ఒక ఇబ్బంది ఉంది. పదిసార్లు వెళ్తే తొమ్మిదిసార్లు ఏమీ జరగదు. తిరిగి వచ్చి చూస్తే ఇల్లు ఇంటిగానే ఉంటుంది, పెట్రోలు దండగ, సెలవు దండగ, ఇంకొకరి నవ్వు అదనం. పదోసారి వెళ్లబుద్ధి కాదు. నా అభిప్రాయంలో ఆ కాలంలో అన్నిటికంటె కష్టమైన పని నిప్పు ఆర్పటం కాదు, ఆ పదోసారి కూడా విసుగులేకుండా బయలుదేరటం.

ఇక వాన సంగతికి వద్దాం.

2017 నుండి తూర్పు ఆస్ట్రేలియాలో వరుసగా వానలు తప్పాయి. 2019లో దేశమంతటి సగటు వర్షం 277.6 మిల్లీమీటర్లు మాత్రమే. లెక్కలు మొదలైన నాటి నుండి అంత ఎండిన సంవత్సరం లేదు, అంత వేడి సంవత్సరమూ లేదు. క్వీన్స్‌ల్యాండ్‌లో ఆపిల్, ద్రాక్ష తోటల ఊరు స్టాన్‌తోర్ప్. అక్కడ 2019 సెప్టెంబరులో మంటలు వచ్చాయి. 2020 జనవరి నాటికి ఊరి చెరువు వట్టిపోయి, వార్విక్ నుండి లారీలతో నీరు తోలవలసి వచ్చింది. ఒకే ఊరిలో ఆర్పటానికీ నీరు లేదు, త్రాగటానికీ లేదు. అనేక పల్లె ఇళ్లకు కుళాయి లేదు. కప్పు మీద పడిన వాననీరు తొట్టిలో పట్టుకొని సంవత్సరమంతా త్రాగుతారు. ఆ తొట్టిలో అడుగున మిగిలిన నీటిని చూచి, పశువులకా, ఇంటికా, ఒకవేళ నిప్పు వస్తే దానికా అని లెక్క వేసుకోవటమే వారి ఎదురుచూపు. తొట్టి నిండా నీరున్నా కరెంటు పోతే కరెంటు మోటారు తిరగదు. అందుకని తెలిసినవారు పెట్రోలు పంపు ఉంచుకుంటారు.

ప్రియ శ్రోతలారా, ఆ 2019లో మన దగ్గర ఏమి జరిగిందో జ్ఞాపకం ఉందా? ఆగస్టులో కృష్ణానది పొంగింది. శ్రీశైలం గేట్లు ఎత్తారు. దేశంలో ఆ సంవత్సరం నైరుతి వాన సగటులో 110 శాతం. రుతుపవనం వెనుదిరగటం అక్టోబరు 9న గాని మొదలు కాలేదు, అంత ఆలస్యం మునుపెన్నడూ లేదు. మన వరదకూ వారి కరువుకూ వెనుక ఉన్నది ఒకే సముద్రం. హిందూ మహాసముద్రంలో ఆఫ్రికా వైపు నీరు మామూలు కంటె వేడెక్కి, ఇండోనేషియా వైపు చల్లబడింది. దీనినే డైపోల్ అంటారు. అది అంత బలంగా రావటం అరుదు. తేమ అంతా పడమరకు లాగబడింది. మనకు అది మేలు చేసింది, ఆస్ట్రేలియా ఎండింది. మన రుతుపవనం ఆలస్యంగా కదలటంతో, అదే దక్షిణానికి దిగి వారికి వాన ఇవ్వటమూ ఆలస్యమైంది. మనం వాన చాలు అని విసుక్కున్న దినాలలో వారు ఆకాశం చూస్తూ ఉన్నారు.

ఆ వేసవి మంటలలో 33 మంది చనిపోయారు. 3,000కు పైగా ఇళ్లు కాలిపోయాయి. దేశమంతటా రెండు కోట్ల నలభై లక్షల హెక్టార్లు కాలింది. ఒకప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణానికి అది కొంచెమే తక్కువ. 2019 డిసెంబరు 31 ఉదయం మల్లకూట అనే ఊరిలో పగలే చీకటి కమ్మింది. సుమారు 4,000 మంది సముద్రపు ఒడ్డున చేరి ఉన్నారు. తరువాత వందలాది మందిని నౌకాదళపు ఓడ తీసికొని వెళ్లింది. పొగ వలన మరణించినవారు 400కు పైగా అని పరిశోధకుల అంచనా. వారిలో చాలామంది మంటలను చూడనివారే అయి ఉంటారు. వృద్ధుల దగ్గర పని చేసే మీ అబ్బాయికి ఈ మాట ముఖ్యం. కిటికీలు మూయటం, ముసలివారి ఊపిరి గమనించటం కూడా అక్కడ అగ్నిమాపక పనే.

అసలు ఆర్పేవారు ఎవరు? న్యూ సౌత్ వేల్స్ గ్రామీణ అగ్నిమాపక దళంలో 70,000కు పైగా స్వచ్ఛంద సేవకులు ఉన్నారు. రైతు, బడిపంతులు, మెకానిక్కు. జీతం లేదు. కరెంటు పోయి, సెల్ టవర్ ఆగిపోయిన రోజున వారి మాట ఊరికి చేర్చేది బ్యాటరీతో నడిచే రేడియో. రేడియోను పాతబడిన వస్తువు అనుకునేవారికి ఈ మాట చెప్పటం నాకు సంతోషం.

సముద్రం మీద చిన్న మేఘం కనిపించగానే వాన వస్తుందని నమ్మిన ఏలీయా సంగతి మనకు తెలుసు. అయితే ఆ పల్లెలలో మేఘం చూస్తే ఆశ, భయం రెండూ కలుగుతాయి. క్రింది గాలి మరీ పొడిగా ఉంటే చినుకు నేల చేరకముందే ఆరిపోతుంది, పిడుగు మాత్రం చేరుతుంది. ఆ వేసవిలో అతి పెద్ద మంటలలో ఒకటైన గాస్పర్స్ మౌంటెన్ మంట పిడుగుతోనే పుట్టి, 5 లక్షల హెక్టార్లకు పైగా కాల్చింది. చిన్న జల్లు దుమ్మును అణుస్తుంది గాని దుంగలలో, వేళ్లలో దాగిన నిప్పును ఆర్పదు. పోర్ట్ మక్వారీ దగ్గర బురదనేల లోపల నిప్పు 210 దినాలు రగిలింది. శుద్ధి చేసిన నీరు కోట్ల లీటర్లు పంపు చేసినా పూర్తిగా ఆరలేదు. చివరకు ఐదు దినాలలో 260 మిల్లీమీటర్ల వాన పడి ఆర్పింది.

ఆ వాన 2020 ఫిబ్రవరిలో వచ్చింది. సిడ్నీలో నాలుగు దినాలలో 391.6 మిల్లీమీటర్లు. మన అనంతపురంలో సంవత్సరమంతా పడేది సుమారు 550. మార్చి 2న, 240కి పైగా దినాల తరువాత మొదటిసారిగా, ఆ రాష్ట్రంలో ఒక్క మంట కూడా లేదని ప్రకటించారు.

ఆ వాన వెంట వరద కూడా వచ్చింది. కాలిన కొండలకు నీటిని పట్టే గడ్డి లేదు. అంతకు ముందే, జనవరి జల్లులకు బూడిద కొట్టుకువచ్చి మెక్లే నదిలో చేపలు వేలకొలదిగా చచ్చాయి. ఇళ్ల కప్పుల మీదా అదే బూడిద. మూడేళ్లు కనిపెట్టిన వాన కప్పు మీద మోగుతుండగా, ఇంటాయన తడుస్తూ వెళ్లి తొట్టిలోకి దిగే గొట్టం ఊడదీస్తాడు. మొదటి వాన నీరంతా నేలపాలు కావాలి. కప్పు కడిగిన తరువాతి వాననే తొట్టిలోకి వదలాలి. తొట్టిలో జానెడు నీరు కూడా లేనివాడు అలా నిలబడి చూడాలంటే ఎంత నిబ్బరం కావాలో ఆలోచించండి.

అమ్మా, ఈసారి మీ అబ్బాయి ఫోను చేసినప్పుడు ఇవి అడగండి. ఏ మెట్టు వచ్చినప్పుడు బయలుదేరుతావు, ఏ దారిన, ఎవరింటికి? ఆశ్రమంలో ముసలివారిని తరలించే బాధ్యత ఎవరిది, నువ్వు పనిలో ఉన్న రాత్రి అయితే? రేడియోలో బ్యాటరీలు ఉన్నాయా? మీరు ఉండే ఇంటికి తొట్టి నీరేనా? అవునంటే, వాన మొదలైన రోజున ఆ గొట్టం ఊడదీయటానికి రెంచి ఎక్కడ ఉందో ఇప్పుడే చూచి పెట్టుకోమనండి.