ప్రళయానంతర లోకంలో కండల వీరనారి: అసాధ్యం దేహమా, తిండా?

కోల్‌కతా: నాగరికత కుప్పకూలిన లోకంలో ఓ యువతికి అంతటి కండలు తిరిగిన దేహం ఎలా వచ్చింది? 2020 జూన్‌లో 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' వీడియో గేమ్ విడుదలైనప్పటి నుంచి అందులోని అబీ పాత్రను వెంటాడుతున్న ప్రశ్న ఇది. నిజానికి ఇందులో రెండు సందేహాలు కలగలిసి ఉన్నాయి. స్త్రీకి అంత కండబలం సాధ్యమా అన్నది ఒకటి, తిండి కరవైన కాలంలో సాధ్యమా అన్నది మరొకటి.

మొదటిదానికి కోల్‌కతా ఎప్పుడో జవాబిచ్చింది. ఇక్కడ బిష్ణు చరణ్ ఘోష్ వద్ద శిక్షణ పొందిన రేబా రక్షిత్, 1950వ దశకంలో సర్కస్ ప్రదర్శనల్లో తన ఛాతీపై ఏనుగును మోశారు. తెలుగువారికి అంత దూరం వెళ్లనక్కరలేదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. అబీ దేహం కూడా కేవలం ఊహ కాదు. క్రాస్‌ఫిట్ క్రీడాకారిణి కొలీన్ ఫోచ్ శరీరమే దానికి నమూనా. స్త్రీలలో టెస్టోస్టిరాన్ చాలా తక్కువ గనుక కండ పరిమాణం సగటున తక్కువగా ఉంటుంది. సాధనతో వచ్చే పెరుగుదల నిష్పత్తి మాత్రం ఇద్దరిలోనూ దాదాపు సమానమే.

రెండో సందేహం బరువైనది. కండ పెంచే సాధకులకు కిలో శరీర బరువుకు రోజుకు సుమారు 1.6 గ్రాముల మాంసకృత్తులు అవసరమని అంచనా. అంటే 70 కిలోల మహిళకు 112 గ్రాములు. గుడ్ల లెక్కన చూస్తే దాదాపు 18. ఆహారం చాలనప్పుడు శరీరం తన కండనే కరిగించుకుంటుంది. 1943 కరవులో పల్లెల నుంచి ఈ నగర వీధులకు చేరి గంజి కోసం చేయి చాచిన వారి ఎముకల గూళ్లే అందుకు సాక్ష్యం. ఆ కరవు 20 నుంచి 30 లక్షల మందిని బలిగొన్నట్లు అంచనా. ఇదే ప్రశ్న మగ పాత్రల కండల విషయంలో అంతగా వినిపించకపోవడం గమనార్హం.

గేమ్ రూపకర్తలు ఈ లెక్కను విస్మరించలేదు. అబీ నివసించే సియాటిల్ స్టేడియంలో పంటలు, పశువులు, భోజనశాల, వ్యాయామశాల ఉన్నాయి. అక్కడ ఆమె సైనికురాలు. తిండికి లోటు లేదు. కథ చివర శాంటా బార్బరాలో నెలల తరబడి బందీగా పడి ఉన్న అబీని చూపినప్పుడు ఆ కండలు కనిపించవు. భుజాలు కుంగి, బుగ్గలు పీక్కుపోయి, గుర్తుపట్టలేని స్థితిలో ఉంటుంది.