శిక్షణకై తొలి విదేశయాత్ర: ఫిలిప్పీను నర్సుల కథ

కూతురు కాపురమునకు పోవునప్పుడు తల్లి చెప్పవలసిన బుద్ధులు మన యిండ్లలో తరతరములనుండి వచ్చుచునే యున్నవి. కాని కూతురు పని నేర్చుకొనుటకై సముద్రముల కావలి దేశమునకు ఒంటరిగా బయలుదేఱునప్పుడు తల్లి యేమి చెప్పవలెను? ఎవరిని ఏమని యడుగవలెను? మన యిండ్లకు ఈ ప్రశ్న క్రొత్తది. ఫిలిప్పీను దీవుల తల్లులకు మాత్రము ఇది డెబ్బదియైదేండ్లకు పైబడిన ప్రశ్న. వారి యనుభవము మనకును పనికివచ్చునని తోచి, ఆ దేశపు నర్సుల తొలి విదేశయాత్రను గూర్చి మేము తెలిసికొన్న సంగతులను సోదరీమణుల యెదుట నుంచుచున్నాము.

పసిఫిక్ మహాసముద్రపు పడమటి యంచున ఏడువేలకు మించిన దీవులు గల దేశ మది. మూడువందల యేండ్లకు పైగా స్పెయినువారి పాలనలో నుండి, 1898లో అమెరికావారి చేతిలోనికి పోయెను. అమెరికావారు బడులలో ఇంగ్లీషును ప్రవేశపెట్టిరి. ఆసుపత్రులు కట్టించి, వానితోపాటు నర్సుల పాఠశాలలను గూడ తెఱచిరి. ఇలోయిలో పట్టణపు మిషను ఆసుపత్రిలో 1906లో అట్టి పాఠశాల యేర్పడెను. ఆరంభమున పిల్లలను పంపుటకు పెద్దలు వెనుకాడిరి. పరాయి పురుషుని యొడలు ముట్టి సేవ చేయుట మంచి యింటి పిల్లకు తగునా యని వారి శంక. మన అమ్మమ్మల నాడు మన యిండ్లలోను ఈ మాటయే వినబడెను గదా! అయినను 1909లో ముగ్గురు యువతులు ఆ పాఠశాలలో చదువు ముగించి వెలుపలికి వచ్చిరి. 1922లో అనస్తాసియా గిరోన్ తుపాస్ అను నామె పూనికతో నర్సుల సంఘము స్థాపితమయ్యెను. ఒక తరము తిరుగు లోపల, పెద్దలు శంకించిన పనియే గౌరవమైన వృత్తి యయ్యెను.

1946 జూలై 4వ తేదీన ఆ దేశము స్వతంత్రమయ్యెను. కాని అమెరికాకు పోయి స్థిరపడు త్రోవ మాత్రము ఇంచుమించు మూసియే యుండెను. ఏటికి నూరుగురికి మాత్రమే అనుమతి. ఇట్లుండగా 1948లో అమెరికా శాసనసభ చేసిన యొక చట్టము వేఱొక వాకిలి తెఱచెను. పరదేశీయులు కొంతకాలము వచ్చి, చదివి, పని నేర్చి, అమెరికా జీవనమును చూచి, తిరిగి స్వదేశమునకు పోవలెనని దాని యుద్దేశము. సోవియట్ రష్యాతో స్పర్ధ పెరుగుచున్న ఆ దినములలో, లోకమున తమకు మంచిపేరు సంపాదించుకొనుటయు అందులో నొక కోరిక. ఈ యేర్పాటు క్రింద వచ్చు నర్సు రెండేండ్లకు మించి యుండరాదు. ఆమెకు జీతము గాక నెలనెల కొంత భృతి మాత్రము లభించును. గడువు తీరినవారు కనీసము రెండేండ్లు తమ దేశముననో మఱొక పరదేశముననో గడిపినగాని అమెరికాలో స్థిరపడుటకు తిరిగి రారాదని 1956లో నిబంధన గూడ చేసిరి. ఇన్ని కట్టుబాటు లున్నను, 1956 మొదలు 1969 వఱకు 11,000 మందికి పైగా ఫిలిప్పీను నర్సులు ఈ వాకిట వెడలిరి.

అట్టి యొక యువతిని మనస్సున నూహించుకొందము. తండ్రికి కొద్దిపాటి పొలము. ఇంట తమ్ములు, చెల్లెండ్రు ఆమెను ‘ఆతె’ యని పిలుతురు, అనగా అక్క. ఆ దేశమున అక్క యనునది పిలుపు మాత్రమే కాదు, బరువు గూడ. తాను చదివిన పిమ్మట చిన్నవారిని చదివించుట ఆమె వంతు. వారి భాషలో ‘ఉతాంగ్ న లోఓబ్’ అను మాట కలదు. లోపలి ఋణము అని దాని యర్థము. చేసిన మేలును పైకముతో తీర్చి చేతులు దులుపుకొనుటకు వీలులేని ఋణ మది. ఆమె పెట్టెలో బట్టలతోపాటు ఆ ఋణము గూడ ప్రయాణమగును.

మొదటి దినములలో ప్రయాణము ఓడమీదనే. మనీలా రేవున బంధువులును, ఇరుగుపొరుగువారును గుమిగూడి సాగనంపుదురు. ఓడ మహాసముద్రమును దాటి వారముల తరబడి పోయి శాన్ ఫ్రాన్సిస్కో చేరును. తరువాత విమానములు వచ్చెను. 1960 తరువాతి యేండ్లలో మనీలాలోని ప్రయాణపు కంపెనీలు, ముందు ప్రయాణము చేసి పిమ్మట సొమ్ము చెల్లింపవచ్చునని నర్సుల కాశపెట్టి టిక్కెట్లు అమ్మసాగెను. అట్టి టిక్కెట్టు కొన్న పిల్లకు శిక్షణ యింకను మొదలు కాకమునుపే అప్పు మొదలయ్యెను. సోదరీమణులు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

దిగిన పిమ్మట మొదట కొనవలసినది ఉన్నికోటు. మంచు నెన్నడు చూడని కన్నులకు తెల్లవాఱుసరికి వీథులన్నియు తెల్లబడుట వింతగానే యుండును. కాని రాత్రి పని ముగించుకొని ఆ మంచులో నడచి వచ్చునప్పుడు ఆ వింత నిలువదు. ఇంగ్లీషు వచ్చినను టెలిఫోనులో వినబడు వడివడి మాట చెవి కెక్కదు. బస యిచ్చిన చోట వరియన్నము దొరకదు. కావున సెలవునాడు నలుగురు స్వదేశపు పిల్లలు చేరి అన్నము వండుకొని, వెనిగరును వెల్లుల్లియు వేసి తమ యింటి ‘అదోబో’ చేసికొని తినుటయే వారికి పండుగ.

అన్నిటికంటె నెక్కువగా వారిని తికమకపెట్టినది ఆసుపత్రిలోని యొక ఆచారము. ఫిలిప్పీను దేశమున రోగి ప్రక్కను ఇంటివారొక రెప్పుడును కాచియుందురు. అట్టివారిని ‘బాంతాయ్’ అందురు. తడిగుడ్డతో నొడలు తుడుచుట, అన్నము తినిపించుట, ప్రక్క సర్దుట మొదలగు పనులలో చాల భాగము వారిది. మన ఆసుపత్రులలో మంచము ప్రక్క చాప పఱచుకొని కూర్చుండు తల్లియో, అత్తయో మన కందఱకు తెలిసినదే. అమెరికాలో అట్టివా రుండరు. చూడవచ్చినవారు గడియారము చూచుకొని లేచిపోవుదురు. తక్కిన దంతయు ఆసుపత్రి పనివారే చేయవలెను. మన యువతి మొదట దీనిని తక్కువ పనిగా తలచి నొచ్చుకొనవచ్చును. కాని ఒంటరియైన యొక ముసలమ్మకు తల దువ్వునప్పుడు, ఇంటివారు చేయు సేవను జీతమునకు చేయు నర్సు కూడ ప్రేమతో చేయవచ్చునని ఆమె కనుగొనును. ఏ పుస్తకమునను లేని పాఠ మిది.

ఇంతవఱకు బాగే యున్నది. ఇక ముల్లు చూపెదము.

శిక్షణ యనగా ఒకరు నేర్పుట, మఱొకరు నేర్చుకొనుట. కాని ఆ కాలమున అమెరికా ఆసుపత్రులలో నర్సుల కొఱత మిక్కుటముగా నుండెను. కొన్ని ఆసుపత్రులు ఈ పిల్లలను విద్యార్థినులుగా గాక, చౌకగా దొరకిన పనివారినిగా చూచెను. పూర్తి నర్సు చేయు పని యంతయు చేయించుకొని భృతి మాత్రమే యిచ్చినవి కొన్ని. చదువుకొన్న నర్సుచేత తక్కువ తరగతి సహాయకురాలి పని చేయించినవి మఱికొన్ని. స్వదేశపు నర్సులు వలదన్న రాత్రి పనియు, సాయంకాలపు పనియు వీరికి వచ్చెను. పాఠములు చెప్పుదుమన్న చోట పాఠములే లేకుండెను. ఎదురుచెప్పిన యెడల తిరిగి పంపివేయుదురేమో యను భయము. తిరిగి పోయిన యెడల అప్పెట్లు తీరునను చింత. ఈ ఫిర్యాదులు 1960 నాటికి ఆ దేశపు ప్రభుత్వము చెవిని గూడ బడినవి.

అట్లని ఆ యాత్ర లన్నియు వ్యర్థములని మేము చెప్పము. ఎందఱో శస్త్రచికిత్సాలయములలోను, శిశువుల వార్డులలోను క్రొత్త విద్యలు నేర్చి వచ్చిరి. తమ సంపాదనతో తమ్ములను, చెల్లెండ్రను చదివించిరి. తన గదికి తానే అద్దె చెల్లించి, తన లెక్క తానే వ్రాసికొని, తెలియని నగరమున త్రోవ తెలిసికొని తిరిగిన యువతి, తిరిగి వచ్చునప్పటికి వెనుకటి పిల్ల కాదు. ‘పసలూబోంగ్’ అని, ప్రయాణము చేసి వచ్చినవారు ఇంటింటికి కానుక తెచ్చు నాచారము ఆ దేశమున కలదు. పెట్టె విప్పినప్పుడు చుట్టములకు సబ్బులును, చాక్లెట్లును కనబడెను. ఆమె తెచ్చుకొన్న ధైర్యము మాత్రము పెట్టెలో కనబడలేదు.

1965లో అమెరికా వలస చట్టము మాఱెను. పని తెలిసినవారు స్థిరపడుటకు వాకిలి విశాలమయ్యెను. అంతతో శిక్షణ యాత్ర క్రమముగా కొలువు యాత్ర యయ్యెను. 1974 కార్మిక చట్టము మొదలు ఫిలిప్పీను ప్రభుత్వమే తన ప్రజలను విదేశముల పనులకు పంపు నేర్పాట్లకు పూనుకొనెను. వారి రక్షణకై 1995లో ప్రత్యేక చట్టమొకటి చేసిరి. 2021లో చేసిన చట్టముతో వారికై ప్రత్యేక మంత్రిత్వశాఖ యేర్పడెను. నేడు విదేశమున పనికి పోవువారు బయలుదేఱుటకు ముందు తరగతిలో కూర్చుండి, తాము సంతకము చేసిన ఒప్పందములోని హక్కులు, పోవు దేశపు చట్టములు, పైకము పంపు పద్ధతులు వినవలెను. తొలి యాత్రికురాండ్రు దెబ్బతిని నేర్చినదే నేడు పాఠముగా మాఱినదని మాకు తోచుచున్నది.

అయినను వెనుకటి ముల్లు క్రొత్త చోట మరల మొలచెను. జపాను దేశమున వృద్ధులు పెరిగి, సేవ చేయువారు తగ్గిరి. రెండు దేశముల నడుమ 2006లో కుదిరిన ఒప్పందము 2008 డిసెంబరులో అమలునకు వచ్చెను. 2009 మే నెలలో ఫిలిప్పీను నర్సుల, వృద్ధసేవకుల మొదటి జట్టు జపానునకు పోయెను. ఆఱు నెలలు జపాను భాష నేర్చి, పిమ్మట ఆసుపత్రిలో పని చేయుచు, మూడేండ్లలో ఆ దేశపు నర్సు పరీక్షలో నెగ్గవలెను. నెగ్గినచో ఉండవచ్చును, లేనిచో ఇంటికి మరలవలెను. నెగ్గు వఱకు, స్వదేశమున ఎన్నేండ్ల యనుభవమున్నను ఆమె సహాయకురాలే. సూది మందు వేయుటకు సెలవు లేదు.

పరీక్ష జపాను లిపిలో నుండెను. పడకమీదనే యుండు రోగి వీపున పడు పుండును జపాను ఇండ్లలో ‘తొకొజురె’ అందురు. వైద్యుల మాటలో అదే ‘జొకుసో’. దానిని వ్రాయు నక్షరములను జపానువారే కొందఱు చదువలేరట. పుండును కడిగి మాన్పగల చేయి, పేరు చదువలేక ఓడిపోయెను. 2010లో 254 మంది విదేశీయులు ఆ పరీక్షకు కూర్చుండగా ముగ్గురు మాత్రమే నెగ్గిరి. వారిలో ఫిలిప్పీను నర్సు ఒక్కతె. ఇంత జరిగిన పిమ్మట జపానువారు కఠినాక్షరములపై చదువు గుర్తులు వేయించిరి, విదేశీయులకు కాలము హెచ్చించిరి. బయలుదేఱుటకు ముందే భాష నేర్పు నేర్పాటును చేసిరి.

ఇట్టి కథయే మఱొకటి కలదు. విదేశీయులకు పని నేర్పి పంపుటకని జపాను 1993లో స్థాపించిన శిక్షణ పథకము, పేరునకు శిక్షణయే యైనను, చాలచోట్ల పొలములకును కర్మాగారములకును చౌక పనివారిని సమకూర్చెనని విమర్శల పాలయ్యెను. తుదకు దానిని తీసివేసి వేఱొక పద్ధతి పెట్టుటకు 2024లో అక్కడి శాసనసభ చట్టము చేసినది.

ఈ సంగతులు మన కేల యందురా? ఆ పథకము క్రింద మనవారిని పంపుటకు 2017లో మన దేశమును జపానుతో ఒప్పందము చేసికొన్నది. తెలంగాణా ప్రభుత్వపు విదేశోద్యోగ సంస్థ నర్సులకు భాష నేర్పి జర్మనీకిని జపానునకును పంపుటకు పూనుకొన్నది. కావున రేపు మన యింటి పిల్ల, లేదా మన ప్రక్కింటి పిల్ల, కాగితము చేతబట్టుకొని వచ్చి ‘అమ్మా, శిక్షణకు పోయెదను’ అనవచ్చును.

అప్పుడు వలదనుట తేలిక, పొమ్మనుటయు తేలికయే. రెంటికిని ముందు ఆ కాగితమును దగ్గఱ పెట్టుకొని కూర్చుండి చదువవలెను. దినమునకు పాఠ మెన్ని గంటలు, పని యెన్ని గంటలు? ఇచ్చునది జీతమా, భృతియా? అదే పని చేయు ఆ దేశపువారి కెంత యిత్తురు? మన చదువు అక్కడ చెల్లునా? చెల్లు వఱకు ఆమెచేత నేమి చేయింతురు? పరీక్ష తప్పినచో నేమగును? టిక్కెట్టు సొమ్మెవరిది? నడుమ మానివేసినచో ఎంత కట్టవలెను? పాసుపోర్టు ఎవరి చేతిలో నుండును? కష్టము కలిగినప్పుడు ఎవరి తలుపు తట్టవలెను? ఈ ప్రశ్నలకు వ్రాతమూలముగా జవాబు చెప్పలేనివారిని నమ్మి పిల్లను పంపరాదు. జవాబులు సరిగా నున్నయెడల, కన్నీరు తుడుచుకొని, ధైర్యము చెప్పి పంపవలెను.

మఱొక మాట. పోయిన పిల్ల పంపు పైకమును లెక్కించు మనము, ఆమె యేమి నేర్చినదో యడుగుట మఱతుము. ఉత్తరము వ్రాసినను, టెలిఫోనులో మాటాడినను, ‘ఎంత పంపితివి?’ అని గాక, ‘ఈ నెల యేమి నేర్చుకొంటివమ్మా?’ అని ముందడుగుదము. ఆ ప్రశ్నకు నెలనెల ‘ఏమియు లేదు’ అను జవాబే వచ్చుచుండినచో, అది శిక్షణ కాదని ఇంటనుండియే మనకు తెలియును.