డ్రైవరు మాట, పరికరం నమోదు: ధాన్యం రవాణాలో వాహన జాడ సాంకేతికత – కె.గంగవరం ప్రాంత నేపథ్యం

1. ఉపోద్ఘాతం

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా కె.గంగవరం మండలంలో సార్వా కోతలు ముగిసే వేళకు కళ్లాల్లోనూ రోడ్ల అంచుల్లోనూ ధాన్యం రాశులు లేస్తాయి. ఆ ధాన్యం మిల్లుకు చేరి దిగుమతి అయ్యేదాకా రైతుకు స్థిమితం ఉండదు. వాన భయం ఒకటి. తేమ 17 శాతం మించితే మద్దతు ధరకు తీసుకోరన్న భయం మరొకటి. అప్పుడు అందరూ అడిగే ప్రశ్న, బండి ఎక్కడుంది? ఒకప్పుడు దీనికి జవాబు డ్రైవరు నోటినుంచే వచ్చేది. "ద్రాక్షారామం దాటాను" అంటే దాటినట్టే. నేడు ఆ జవాబును తెరమీది ఒక బిందువు చెబుతోంది. సాక్ష్యం మనిషి మాటనుంచి యంత్రం నమోదుకు మారిన ఈ తీరును వివరించడం, ఆ నమోదును ఎలా చదవాలో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇది రవాణా శాస్త్రానికి చెందిన విషయం కదా, తెలుగు శాఖకు దీనితో పనేమిటన్న సందేహం సహజమే. నమోదు కూడా ఒక పాఠమే గనుక, పాఠాన్ని పరిశీలించే పద్ధతి ఇక్కడా పనికివస్తుందని నా అభిప్రాయం.

2. పరికరం పనిచేసే తీరు

బండిలో అమర్చే చిన్న పెట్టె ఉపగ్రహాల సంకేతాలను అందుకుంటుంది. సంకేతం వచ్చిన కాలాన్నిబట్టి ఒక్కొక్క ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో లెక్కిస్తుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు అందితే తానున్న స్థానం, ఎత్తు, కచ్చితమైన సమయం తేలుతాయి. చాలామంది ఉపగ్రహమే బండిని చూస్తోందనుకుంటారు; నిజానికి ఉపగ్రహానికి బండి సంగతే తెలియదు. లెక్క కట్టేది పెట్టె. ఆ లెక్కను సిమ్ ద్వారా సర్వర్‌కు పంపేదీ పెట్టే. ఇంజన్ ఆన్‌లో ఉందా, వేగం ఎంత, డీజిల్ మట్టం ఎంత అనే వివరాలను కూడా సెన్సర్లు ఉంటే జతచేస్తుంది. పటంమీద మిల్లు చుట్టూ ఒక ఊహారేఖ గీసి, బండి దాన్ని దాటగానే కబురు వచ్చేట్టు చేయవచ్చు. దీన్ని 'కంచె' అనడం మన భాషకు ఇట్టే ఒదుగుతుంది.

మన దేశంలో ఈ పరికరాలకు ఏఐఎస్-140 ప్రమాణం ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 2016లో చేర్చిన 125-హెచ్ నియమం ప్రకారం, 2019 జనవరి 1 నుంచి రిజిస్టరయ్యే ప్రయాణిక వాహనాలకు, ఆటోల వంటి కొన్నిటిని మినహాయించి, వీటిని తప్పనిసరి చేశారు. 2021లో కోవిడ్ రెండో దశలో ఆక్సిజన్ ట్యాంకర్లకూ జాడ పరికరం తప్పనిసరైంది. సరుకు ఎక్కడ ఆగిందన్న ప్రశ్న ప్రాణాలతో ముడిపడిందని అప్పుడు అందరికీ అర్థమైంది.

3. యాజమాన్యంలో వచ్చిన మార్పు

అమెరికాలో క్వాల్‌కామ్ సంస్థ 1988లో ఓమ్నిట్రాక్స్ అనే ఉపగ్రహ వ్యవస్థను లారీ కంపెనీలకు అందించింది. 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం పౌరుల జీపీఎస్ సంకేతంలో కావాలని కలిపే దోషాన్ని తొలగించడంతో ఈ విద్య చౌకగా, నమ్మకంగా మారింది. మన దగ్గర 2018లో ఈ-వే బిల్లు, 2021 ఫిబ్రవరిలో అన్ని టోల్ వరుసలకూ ఫాస్టాగ్ వచ్చాయి. సరుకు కాగితం, టోల్ గేటు, బండి జాడ మూడూ ఇలా ఒకదానితో ఒకటి పోల్చిచూడదగినవయ్యాయి. బిల్టీ పుస్తకం, ఫోనూ పట్టుకుని బండ్లు నడిపిన యజమాని ఇప్పుడు ఖాళీగా తిరిగిన కిలోమీటర్లు, ఆగి ఉన్నా ఇంజన్ తిరిగిన నిమిషాలు, దారి తప్పిన మలుపులు కూర్చున్నచోటే చూస్తున్నాడు. తిరుగు కిరాయి ముందే కుదుర్చుకుంటున్నాడు. ఈ లాభం నిజమైనదే.

4. ధాన్యం బండి

ఆంధ్రప్రదేశ్‌లో ఇటీవలి ధాన్యం సేకరణ సీజన్లలో, రైతు భరోసా కేంద్రాల (ఇప్పుడవి రైతు సేవా కేంద్రాలు) నుంచి మిల్లుకు పోయే బండ్లకు జీపీఎస్ అమర్చే పద్ధతి వచ్చింది. ధాన్యం దారి మళ్లకుండా, ట్రక్ షీటులో రాసిన మిల్లుకే చేరేట్టు చూడడం దీని ఉద్దేశం. అయితే డెల్టాలో ధాన్యం మోసేవి లారీలు మాత్రమే కావు, ట్రాక్టర్లు కూడా. సీజను కోసం కట్టిన పెట్టె బండికి శాశ్వతంగా బిగించినది కాకపోతే ఒకదానినుంచి తీసి మరొకదానిలో పెట్టవచ్చు. అప్పుడు బిందువు కదులుతూనే ఉంటుంది. అది పెట్టె జాడే తప్ప ధాన్యం జాడ కాదు.

నేల స్వరూపం కూడా ఈ చదువులో భాగమే. మండలంలోని కోటిపల్లి రేవునుంచి చూస్తే గౌతమికి ఆవలి ఒడ్డున ముక్తేశ్వరం కనిపిస్తుంది. పటంమీద అది జానెడు దూరం. లోడు లారీకి మాత్రం యానాం మీదుగా ఎదుర్లంక వంతెన ఎక్కి చుట్టూ పోవడమే దారి. రేవు సంగతి, పంటు సంగతి తెలియని లెక్క ఇక్కడ చేరే సమయాన్ని తప్పుగా అంచనా వేస్తుంది. దారి ఎరిగిన డ్రైవరు తప్పడు.

5. పాఠంలోని ఖాళీలు

తాళపత్ర ప్రతిలో అక్షరాలు పోయినచోట మనం గ్రంథపాతం అని గుర్తిస్తాం. సెల్ సంకేతం అందనిచోట నమోదులోనూ అలాంటి ఖాళీయే ఏర్పడుతుంది. ఏఐఎస్-140 పరికరం 40,000 స్థాన నమోదులను తనలో దాచుకుని, సంకేతం దొరికాక పంపగలగాలి. కనుక చాలా ఖాళీలు తరవాత పూడతాయి. పూడనిది మరొక రకం ఖాళీ. మిల్లు గేటు ముందు బండి ఏడు గంటలు ఆగిందనుకుందాం. నమోదులో వేగం సున్నా, ఇంజన్ ఆఫ్ అని ఉంటుంది. ముందు ఇరవై బండ్లు వరుసలో ఉన్నాయా, ముఠా కూలీలు రాలేదా, తేమ ఎక్కువుందని తిప్పి పంపారా, డ్రైవరు నిద్రపోయాడా? నాలుగింటికీ తెరమీద ఒకటే బిందువు. స్థలకాలాలు పరికరానికి తెలుసు, కారణం తెలియదు. కారణం చెప్పగలిగిన డ్రైవరు మాటకేమో విలువ తగ్గింది. "ఆగాను" అన్నమాటను నమోదు ధ్రువపరుస్తుంది, "ఎందుకు ఆగాను" అన్నమాట సాకుగా వినిపిస్తుంది.

6. నమోదు ఎవరిది?

అదే నమోదు డ్రైవరు పక్షాన కూడా మాట్లాడగలదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం సాధారణంగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పనికి పరిమితి విధించింది. ఎన్ని గంటలు స్టీరింగు ముందున్నాడో రుజువు చేయడం ఇదివరకు కష్టం. ఇప్పుడు ఆ రుజువు యజమాని సర్వర్‌లోనే ఉంటుంది. అయితే ఆ చట్టం 2025లో రద్దయ్యేదాకా అయిదుగురు, అంతకు మించిన కార్మికులున్న సంస్థలకే వర్తించేది. ఒక్క బండి పెట్టుకుని తానే నడుపుకొనే యజమానికి వర్తించేది కాదు. ట్రిప్పుకింత అని కిరాయి తీసుకునేవారికి గేటు ముందు గడిచిన ఏడు గంటలూ సొంత నష్టమే.

కాబట్టి మార్చవలసింది ముందుగా పెట్టెను కాదు, ట్రక్ షీటును. బండి మిల్లు కంచె దాటిన సమయం, దిగుమతి ముగిసిన సమయం పక్కపక్కనే అచ్చయి, ఆలస్యానికి కారణం రాసే ఒక గడి ఉండి, ఆ కాగితం ప్రతి ఒకటి డ్రైవరు చేతికీ మరొకటి రైతు చేతికీ రావాలి. ఆ గడిని తెలుగులో నింపే వీలుండాలి.