తన కథ తానే వ్రాసికొనుట

శ్రీకాకుళము జిల్లా జలుమూరు మండలములో, వంశధారానది యెడమగట్టున, శ్రీముఖలింగమను గ్రామము కలదు. తూర్పు గాంగరాజుల రాజధానియైన కళింగనగరము ఇదియేనని పలువురు చరిత్రకారులు చెప్పుదురు. ఇచ్చటి మధుకేశ్వరాలయమునకు పోయినవారు శిల్పములను చూచి, స్వామికి దండము పెట్టి మరలివత్తురు. రాళ్లపై చెక్కిన అక్షరములవద్ద నిలుచువారు తక్కువ. ఆ శాసనములలో పెక్కు దానశాసనములు. ఫలానా శకవర్షమున, ఫలానా వ్యక్తి, దేవుని సన్నిధిని అఖండదీపము వెలుగుటకై ఇంత ధనము నొసగెనని వానిలో నుండును. రాజులే కాక ఉద్యోగులును, స్త్రీలును ఇట్లు తమ పేర్లను రాతికెక్కించుకొనిరి.

దీపము పెట్టించినవారెవరో తెలియుచున్నది. కాని ఆనాడు ఆ దాత మనసులో నున్నదేమి? బిడ్డ జబ్బుపడి కోలుకొనెనా? యుద్ధమునకు పోయినవాడు తిరిగివచ్చెనా, రాలేదా? రాయి చెప్పదు. చెక్కుటకు స్థలము కొంచెము. చెప్పవలసిన మాటలు ముందే ఏర్పడినవి. అందఱును ఒకే మూసలో చెప్పినప్పుడు ఎవరి గుండె చప్పుడును విడిగా వినబడదు.

ఆ చప్పుడు వినిపించు రచన వేఱొకటి కలదు. అదియే స్వీయచరిత్ర, దినదినమును వ్రాసికొన్నచో దినచర్య. తెలుగున దీనికి బాట వేసినవారిలో ముఖ్యులు కందుకూరి వీరేశలింగము పంతులుగారు (1848–1919). తమ బాల్యమును, వితంతు వివాహములు జరిపించినప్పుడు పడిన కష్టములను వారు ‘స్వీయచరిత్రము’లో వ్రాసిరి. బొబ్బిలి ప్రాంతమందలి అజ్జాడలో 1864లో పుట్టిన హరికథాపితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు తమ జీవితకథకు ‘నా యెఱుక’ యని పేరు పెట్టుకొనిరి. లోకమెఱిగినది కాదు, నేనెఱిగినది అని ఆ పేరే చెప్పుచున్నది. అట్టి గ్రంథమునకు ఇంతకంటె మంచి పేరు దొరకదని నా యభిప్రాయము.

అయితే, నేనెఱిగినదానిని ఏ మాటలలో చెప్పవలెను? ఈ ప్రశ్నకై పోరాడిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న జన్మించిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, ముఖలింగ శాసనముల లిపిని స్వయంకృషితో నేర్చి చదివిరి. కొండలలోని సవరల భాష నేర్చి, ఆ పిల్లలకు వారి భాషలోనే వాచకములు వ్రాసిరి. తెలుగు పిల్లల స్థితియు అప్పుడు దాదాపు సవరపిల్లల స్థితియే: ఇంట మాటాడునది ఒకటి, బడిలో వ్రాయునది వేఱొకటి. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసమును వాడుకభాషలో వ్రాయుటకు 1910 దాటిన పిమ్మట అనుమతి లభించెను గాని, పండితుల ప్రతిఘటనచే కొలదియేండ్లకే రద్దయ్యెను. పంతులుగారు వెనుదీయక 1940లో మరణించువఱకు వాడుకభాషకై పాటుపడిరి. వారి పుట్టినదినమునే తెలుగు భాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నాము. మఱి ఈ వ్యాసము గ్రాంథికపు నడకలో నున్నదేమని మీరు నవ్వుకొనవచ్చును. పండిత శిక్షణ పొందినవాని చేతివాటమిది, మీకు అక్కఱలేదు.

ఉద్దానపు బాలుడొకడు, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరము దాటిన నాటి సంగతి వ్రాయదలచెననుకొందము. ‘ప్రకృతి విలయతాండవమునకు నా హృదయము ద్రవించినది’ అని మొదలుపెట్టినచో ఉపాధ్యాయుడు మెచ్చుకొనవచ్చును. కాని ఆ వాక్యము ఏ తుపానుకైనను, ఏ ఊరికైనను అతుకును. రాతిమీది మూసవంటిదే అదియు. అతడే ఇట్లు వ్రాసెననుకొనుడు: “తెల్లారేక తలుపు తీస్తే ఆకాశం పెద్దదైపోయినట్టుంది. పడిపోయిన కొబ్బరిచెట్లను తాత వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. పధ్నాలుగు దగ్గర ఆగి, మళ్లీ ఒకటినుంచి మొదలెట్టాడు. అమ్మ చోడి అంబలి తెచ్చింది. తాత తాగలేదు.” ఇందులో దుఃఖమను మాట లేదు. తాత రెండవమారు ఒకటినుండి మొదలుపెట్టుటలో అది యున్నది. నాటిన కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. తాత ఆ యేండ్లను గూడ లెక్కించుచున్నాడు. ఆ సంగతి వ్రాయుచున్నప్పుడే ఆ బాలునికి మొదటిసారి తోచియుండవచ్చును.

కావున భావము పేరు చెప్పుటకు తొందరపడక, నాడు కంటికి కనబడినదానిని, చెవిని బడినదానిని వ్రాయుడు. కోపము, అసూయ, సిగ్గు – ఇవియు వ్రాయదగినవే. మంచివానివలె కనబడుటకై వ్రాసినది దినచర్య కాదు, అర్జీ.

ఇట్టి వ్రాతవలని ఫలమును శాస్త్రజ్ఞులును పరీక్షించిరి. అమెరికాలో జేమ్స్ పెనెబేకర్, శాండ్రా బీల్ అనువారు కళాశాల విద్యార్థులచే వరుసగా నాలుగు దినములు, దినమునకు 15 నిమిషములు వ్రాయించి, ఫలితములను 1986లో ప్రకటించిరి. కొందఱు సామాన్య విషయములను, కొందఱు తమ మనసును గాయపఱచిన సంఘటనలను వ్రాసిరి. గాయమును గూర్చి వ్రాసినవారికి మొదట దిగులు హెచ్చెను. కాని జరిగినదానిని, దానివలన కలిగిన భావమును కలిపి వ్రాసినవారు తరువాతి ఆఱు నెలలలో వైద్యునికడకు పోవుట తగ్గెను. పిమ్మటి పరీక్షలలో ఫలితము అన్నిచోట్ల ఒకే రీతిగా రాలేదు. వ్రాత మందు కాదు. భరింపరాని బాధ కలిగినప్పుడు పుస్తకముతో సరిపెట్టుకొనక, తల్లిదండ్రులతోనో నమ్మదగిన ఉపాధ్యాయులతోనో చెప్పవలెను.

ఇక, ఆ పుస్తకమును ఎవరు చదువవచ్చును? వ్రాసినవారు చూపినవారే. అక్క పుస్తకమును తమ్ముడు చాటుగా చదివి నవ్వుట మన యిండ్లలో తప్పుగా ఎంచబడదు, ఎంచవలెను. ఆమ్‌స్టర్‌డామ్ నగరములో ఆన్ ఫ్రాంక్ అను యూదు బాలికకు తన 13వ పుట్టినదినమున, 1942 జూన్ 12న, ఒక దినచర్యపుస్తకము లభించెను. నెల తిరుగకమునుపే ఆ కుటుంబము నాజీలకు వెఱచి, తండ్రి కార్యాలయపు వెనుకభాగమున దాగవలసివచ్చెను. రెండేండ్లకు పైగా ఆమె అచ్చటనే యుండి వ్రాసెను. 1944 ఆగస్టు 4న దాగినవారందఱును పట్టుబడిరి. వారికి సాయము చేయుచుండిన మీప్ గీస్ అను ఉద్యోగిని, నేలపై పడియున్న కాగితములను ఏఱి, ఒక్క పుటయైనను చదువక తన బల్లసొరుగున దాచెను. ఆన్ తిరిగివచ్చినచో ఆమె చేతికే ఈయవలెనని మీప్ తలంపు. ఆన్ రాలేదు, 1945లో బెర్గెన్-బెల్సెన్ నిర్బంధశిబిరములో మరణించెను. ఆ వార్త తెలిసిన పిమ్మటనే మీప్ ఆ కాగితములను తీసి, తండ్రి ఒట్టో ఫ్రాంక్ చేతిలో పెట్టెను.