కాపలాదారుని జీతం ఎవరివ్వాలి? - అణు తనిఖీ సంస్థ నిధుల వ్యవహారం

ఇస్లామీయ పరిపాలనా చరిత్రలో 'హిస్బా' ఒక ముఖ్యమైన వ్యవస్థ. అంగడిలో తూనికలు, కొలతలు సరిగా ఉన్నదీ లేనిదీ పరీక్షించే అధికారిని ముహ్తసిబ్ అనేవారు. హిజ్రీ 450 (క్రీ.శ. 1058)లో మరణించిన ఇమామ్ మావర్దీ (రహ్మలై) తమ 'అల్ అహ్కాముస్ సుల్తానియ్యా' గ్రంథంలో ముహ్తసిబ్‌కూ, స్వచ్ఛందంగా ఆ పని చేసే వ్యక్తికీ గల భేదాలను వివరించారు. వాటిలో ఒకటి జీతానికి సంబంధించినది. ముహ్తసిబ్ బైతుల్ మాల్ నుండి జీతం పొందవచ్చును. స్వచ్ఛందంగా చేసేవానికి ఆ హక్కు లేదు. ఖాజీ విషయంలోనూ ధర్మశాస్త్రవేత్తలు ఇటువంటి జాగ్రత్తే వహించారు. అతని పోషణ భారాన్ని బైతుల్ మాల్‌పై ఉంచి, కక్షిదారుల నుండి కానుకలు స్వీకరించడాన్ని నిషేధించారు.

ఇందులోని వివేకం గోదావరి డెల్టా రైతుకు వేరుగా బోధించనక్కరలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుండి ఈ ప్రాంతపు బ్రతుకు కాలువ నీటితో ముడిపడి ఉన్నది. తూము తలుపులు ఎత్తి దించే లస్కరు ప్రభుత్వ జీతం మీద పనిచేస్తాడు. ఎగువ రైతులు మాత్రమే డబ్బులు పోగుచేసి అతనిని పోషిస్తున్నారనుకుందాం. వంతులవారీగా నీరు వదిలే రోజులలో శివారు భూముల రైతు అతని మాట నమ్మగలడా? లస్కరు ఎంత నిజాయితీపరుడైనా అనుమానం తప్పదు.

ఇదే ప్రశ్న ప్రపంచ స్థాయిలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థను మొదటి నుండి వెంటాడుతున్నది. 1957లో స్థాపితమై, వియన్నా నగరం కేంద్రంగా పనిచేస్తున్న ఈ సంస్థలో నేడు సుమారు 180 దేశాలకు సభ్యత్వం ఉన్నది. శాంతియుత ప్రయోజనాలకని చెప్పిన అణు పదార్థం బాంబుల తయారీకి మళ్ళకుండా తనిఖీ చేయడం దీని ప్రధాన బాధ్యతలలో ఒకటి.

చందా - విరాళం

సంస్థకు వచ్చే ధనం రెండు విధాలు. మొదటిది తప్పనిసరి చందా. ఐక్యరాజ్యసమితి పద్ధతిని అనుసరించి, ఆయా దేశాల స్తోమతును బట్టి దీనిని నిర్ణయిస్తారు. దీనితో నడిచే సాధారణ బడ్జెట్ 2024లో 40 కోట్ల యూరోలకు పైబడినది. ఇందులో దాదాపు నాలుగోవంతు అమెరికా వాటా. రెండు సంవత్సరాల చందాకు సమానంగా బకాయి పడిన దేశం ఓటు హక్కును కోల్పోవచ్చును. రెండవది ఇష్టపూర్వకమైన విరాళం. జకాత్‌కూ, సదఖాకూ గల భేదాన్ని ఇక్కడ జ్ఞప్తికి తెచ్చుకోవచ్చును. జకాత్ ఆరాధన, చందా ఒప్పంద బాధ్యత మాత్రమే గనుక ఈ పోలికకు హద్దు ఉన్నది. అయితే ఒకటి విధి, మరొకటి ఇచ్చేవాని ఇష్టం అన్న మేరకు ఇది సరిపోతుంది.

సంస్థ నిబంధనావళి ప్రకారం తనిఖీల ఖర్చు చందా పద్దులో చేరుతుంది. క్యాన్సర్ చికిత్స, వ్యవసాయ పరిశోధన వంటి సాంకేతిక సహాయం మాత్రం ముఖ్యంగా విరాళాలపై ఆధారపడుతుంది. అనగా సంపన్న దేశాలు కోరేదానికి నికరమైన ఆదాయం, పేద దేశాలు ఆశించేదానికి దాతల దయ. సంస్థలో జరిగే ఆర్థిక దౌత్యమంతా ఈ అసమానత చుట్టూనే తిరుగుతున్నది.

1970లో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం అమలులోకి రాగానే తనిఖీల భారం పెరిగింది. బాంబు చేయబోమని మాట ఇచ్చినవారే తమపై కాపలాకు డబ్బు కూడా చెల్లించాలా అని పేద దేశాలు ప్రశ్నించాయి. ఫలితంగా 1971లో తలసరి ఆదాయం తక్కువగల దేశాలకు తనిఖీ ఖర్చులో వాటా తగ్గించారు. 1980లలో మొదలై సుమారు రెండు దశాబ్దాలపాటు బడ్జెట్‌కు నిజమైన పెరుగుదల లేకపోగా, 2003లో పెంపుదల కుదిరింది. అప్పుడు కూడా తనిఖీలకు నిధులు పెంచితే సాంకేతిక సహాయానికీ పెంచాలని వర్ధమాన దేశాలు పట్టుబట్టాయి.

ధనమే ఆయుధమైనప్పుడు

1981 జూన్ 7న ఇజ్రాయిల్ విమానాలు ఇరాక్‌లోని ఒసిరాక్ రియాక్టరును ధ్వంసం చేశాయి. ఇరాక్ అప్పటికే ఈ సంస్థ తనిఖీలకు అంగీకరించిన దేశం. భద్రతా మండలి ఆ దాడిని ఖండించింది. 1982 సెప్టెంబరులో సంస్థ మహాసభ ఇజ్రాయిల్ ప్రతినిధుల అధికార పత్రాలను స్వల్ప ఆధిక్యతతో తిరస్కరించగా, అమెరికా ప్రతినిధి వర్గం సభ నుండి నిష్క్రమించింది. చెల్లింపులు నిలిచిపోయాయి. ఇజ్రాయిల్ పూర్తి సభ్యత్వం కొనసాగుతున్నదని డైరెక్టర్ జనరల్ హాన్స్ బ్లిక్స్ ధ్రువీకరించిన తరువాతనే, 1983లో అమెరికా తిరిగి వచ్చింది. చందా కూడా ఒత్తిడి సాధనం కాగలదని ఈ ఉదంతం నిరూపించింది.

విరాళాల సంగతి మరింత సున్నితమైనది. 2015లో ఇరాన్‌తో ఒప్పందం కుదిరినప్పుడు, తనిఖీలకు ఏటా 92 లక్షల యూరోలు అదనంగా కావాలని నాటి డైరెక్టర్ జనరల్ యుకియా అమానో తెలిపారు. మొదట ఆ సొమ్మును సభ్య దేశాల విరాళాలపై ఆధారపడి సమకూర్చుకోవలసి వచ్చింది. ఇరాన్‌తో వైరమున్న దేశాలు విరాళమిస్తే ఆ తనిఖీని ఇరాన్ అనుమానిస్తుంది. ఇరాన్ మిత్రులు ఇస్తే ఇతరులు అనుమానిస్తారు. అందుకే తరువాత ఆ ఖర్చులో కొంత సాధారణ బడ్జెట్‌లో చేర్చబడింది. 2018లో అమెరికా ఒప్పందం నుండి వైదొలగింది. కాని ఆ అనుభవం నేర్పిన పాఠం మిగిలే ఉన్నది.

విరాళమే దోషమని దీని అర్థం కాదు. కజకిస్తాన్‌లో 2017లో ప్రారంభమైన అణు ఇంధన నిల్వ కేంద్రం పూర్తిగా విరాళాలతో ఏర్పడింది. కువైట్, యు.ఎ.ఇ. చెరొక కోటి డాలర్లు ఇచ్చాయి. దానధర్మాలకు తగిన స్థానం అది. తీర్పు చెప్పేవాని పోషణకు మాత్రం దానం పునాది కారాదు.

మన ప్రాంతం, మన దేశం

భారతదేశం 1957 నుండి సభ్య దేశం. అణ్వస్త్రాలున్న దేశాలను వదలి మిగిలినవారినే తనిఖీ చేయడం అన్యాయమని హోమీ భాభా ఆనాడే అభ్యంతరం తెలిపారు. 2006లో భారత్ తన అణు కేంద్రాలను పౌర, సైనిక విభాగాలుగా వేరుచేసే ప్రణాళికను ప్రకటించింది. 2009లో తనిఖీ ఒప్పందంపై సంతకం చేసింది. హైదరాబాదు న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లోని కొన్ని విభాగాలు ఆ తనిఖీ క్రిందకు వస్తాయి. అయితే భద్రాచలానికి ఎగువన గోదావరి నీటినే వాడుకుంటున్న మణుగూరు భారజల కర్మాగారం 2006 ప్రణాళికలోని పౌర విభాగపు జాబితాలో లేదు. వియన్నా అధికారి ఎక్కడికి వెళ్ళాలన్నది ఒప్పందం నిర్ణయిస్తుంది. వెళ్ళిన అధికారి మాటకు విలువ ఎంతన్నది మాత్రం అతని జీతం ఎవరి చేతి నుండి వస్తున్నదన్న దానిపై ఆధారపడుతుంది.

భాభా లేవనెత్తిన లోపం నేటికీ తొలగలేదు. అధిక చందా చెల్లించేవారిలో ముందున్న అగ్రరాజ్యాల ఆయుధాగారాలు ఈ తనిఖీకి వెలుపలనే ఉన్నాయి. ఈ అన్యాయాన్ని గట్టిగా ప్రశ్నించవలసిందే. అయితే ప్రశ్నించదలచిన దేశం, ముస్లిం దేశమైనా మరొకటైనా, తన చందాను సకాలంలో చెల్లించడం అవసరం. బకాయిపడి ఓటు పోగొట్టుకున్నవాని ఫిర్యాదును సభ వినదు. పదిమంది చందాతో కాక కొందరి విరాళంతో బ్రతికే కాపలాదారుడు ఆ కొందరి కాపలాదారుడుగానే మిగిలిపోతాడు.